దీపాలదిన్నె మీద గొలుసు లాగినవాళ్ళు

అమరావతి వెళ్తున్నామని ఎవరైనా అంటే ఈ మధ్య ముందుగా ఒక ప్రశ్న వెయ్యాల్సి వస్తోంది. ఏ అమరావతి? సచివాలయం, హైకోర్టు ఉన్న అమరావతి తుళ్ళూరు వైపు, గుంటూరు జిల్లాలో ఉంది. అమరేశ్వరుడూ, బుద్ధుడూ, వాసిరెడ్డి వారూ ఉన్న అమరావతి 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. కలెక్టరుగారు నరసరావుపేటలో కూర్చుంటారు. ఆటో ఎక్కేముందు ఈ సంగతి తేల్చుకోకపోతే ఫైలు పట్టుకున్నాయన గుళ్ళోనూ, కొబ్బరికాయ పట్టుకున్నావిడ సచివాలయం గేటు దగ్గరా తేలతారు.

నేను చెప్పబోయేది పాత అమరావతి కబుర్లు. వచ్చినవాళ్ళు చేసే పని మామూలుగా ఒకే వరసలో ఉంటుంది. ముందు కృష్ణలో స్నానమో, కనీసం కాళ్ళు కడుక్కోవడమో. తర్వాత అమరేశ్వరుడి దర్శనం. ఆ తర్వాత 125 అడుగుల ధ్యానబుద్ధుడి ముందు సెల్ఫీలు. చివర్లో, బస్సుకి ఇంకా టైముంటే, స్తూపం. టిక్కెట్టు తీసుకుని లోపలికొచ్చి, పచ్చిక మధ్య గుండ్రంగా పేర్చిన ఇటుకలూ, అక్కడక్కడా నిలబెట్టిన రాతిపలకలూ చూసి, ‘స్తూపం ఎక్కడండీ?’ అని అడుగుతారు. ‘మీరు నించున్నది దాని పక్కనేనండీ’ అంటాడు కాపలా ఆయన. ‘ఇంతేనా?’ అని మొహం వేలాడేసుకుని వెనక్కి తిరుగుతారు.

వాళ్ళని తప్పుపట్టను. చూడ్డానికి అక్కడ మిగిలింది ఇంతే. కానీ ఇంతే ఎందుకు మిగిలింది, మిగతాది ఎక్కడికి పోయింది, పోయినదాని సంగతి మనకెలా తెలిసింది అన్న మూడు ముక్కలూ తెలిస్తే మటుకు ఆ పచ్చిక దగ్గర ఓ గంటైనా కూర్చుంటారు. అందుకే ఈ కాలక్షేపం.

ముందు అసలు సరుకెంతో చెప్తాను. సాంచిలో పెద్ద స్తూపం అడ్డకొలత 120 అడుగులు. మన స్తూపం, అంటే మహాచైత్యం, చుట్టూ ఉన్న రాతి ప్రాకారం అడ్డకొలత 190 అడుగుల పైమాటే. ప్రాకారానికీ స్తూపానికీ మధ్య ప్రదక్షిణ దారి. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ఒక్కో దిక్కున స్తూపాన్ని ఆనుకుని అరుగు, అరుగు మీద అయిదేసి ఆయక స్తంభాలు. స్తూపం ఒంటినిండా చెక్కిన పలకలు. ప్రాకారం స్తంభాల మీద విచ్చిన తామరలు, జాతక కథలు, పైదూలం పొడుగునా పూలదండ మోస్తున్న మనుషులు. క్రీస్తుకి పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో పెద్దదై, మూడో శతాబ్దం దాకా చేర్పులూ మార్పులూ జరుగుతూనే ఉన్నాయి. ఆ ఊరికి అప్పటి పేరు ధాన్యకటకం. పక్కనున్న ధరణికోట ఆ పేరుకి వారసురాలు.

ఇక రాయి. అది ఎక్కడినుంచో ఓడల్లో వచ్చిన పాలరాయి కాదండీ, మన పల్నాటి సున్నపురాయే. తెలుపులో లేత ఆకుపచ్చ చాయ కలిసి ఉంటుంది. తవ్వితీసినప్పుడు ఉలికి లొంగుతుంది, నునుపు పెడితే పాలరాయిలా మెరుస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు దానికి ‘పల్నాడు మార్బుల్’ అని గొప్ప పేరే పెట్టారు. ఇవాళ మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేదీ, పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నమయ్యేదీ ఈ నేలలోని సున్నపురాయే. ఈ ముక్క కొంచెం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

బుద్ధుడి పూజ ఇక్కడ ఒక్కసారిగా ఆగిపోలేదు. 1182లో కోట కేతరాజు ఒకపక్క అమరేశ్వరుడికి కానుకలిస్తూనే, బుద్ధుడికి అఖండదీపాలు ఏర్పాటు చేసినట్టు శాసనం వేయించాడు. 1344 నాటి సింహళ శాసనమొకటి శ్రీలంకలో గడలదెణియ గుడి దగ్గర ఉంది. ధర్మకీర్తి అనే సింహళ భిక్షువు ధాన్యకటకంలో బుద్ధుడి మందిరాన్ని బాగుచేయించాడని అందులో ఉంది. ఆ తర్వాత చప్పుడు లేదు. స్తూపం మట్టి కప్పుకుంది, మట్టి మీద గడ్డి మొలిచింది, జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. కింద ఏముందో ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి నాలుగైదు వందల ఏళ్ళు అది భద్రంగా ఉంది. మరుపును మించిన కాపలాదారు లేడు.

కాపలా తీసేసిన రోజు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వచ్చింది. చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన నివాసం మార్చి, అమరేశ్వరుడి పాదాల దగ్గర కొత్తపట్నం కట్టాలని సంకల్పించాడు. వర్తకుల్ని పిలిపించాడు, వీధులు తీయించాడు, గుడి బాగుచేయించాడు. పట్నం కట్టాలంటే ఇటుకలు కావాలి, రాళ్ళు కావాలి, సున్నం కావాలి. పక్కనే దిన్నె ఉంది. గునపం వేస్తే పెద్ద పెద్ద ఇటుకలు, ఇంకాస్త తవ్వితే ముందే సాపు చేసిన రాతిపలకలు! కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని బట్టీలో సున్నమయ్యాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. సున్నపురాయికి బొమ్మ చెక్కించుకునే గుణమూ ఉంది, కాలి సున్నమయ్యే గుణమూ ఉంది. ఎవడి చేతిలో పడితే వాడి అవసరం.

నాయుడుగారిని తిట్టుకోనక్కర్లేదు. పాత కట్టడంలో రాయి పీకి కొత్త కట్టడంలో పెట్టడం లోకమంతటా ఉన్న అలవాటే. మన ఊళ్ళలో పాడుబడ్డ కోటలున్న చోట చుట్టుపక్కల ఇళ్ళ పునాదులు చూడండి, మీకే తెలుస్తుంది.

సరిగ్గా ఆ తవ్వకాల హడావుడిలోనే, 1797-98 ప్రాంతంలో, కాలిన్ మెకంజీ అనే దొర ఇటొచ్చాడు.

దొరలంటే మనకి కలెక్టరు దొర, పోలీసు దొర, పాదిరీ దొర తెలుసు. ఈయన గొలుసు దొర. భూమి కొలిచేవాడు. పుట్టింది 1754లో, స్కాట్లాండుకి పడమట సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు ఊళ్ళో. కుర్రతనంలో అక్కడి కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం. ఆ దీవిలోనే, స్టోర్నోవేకి పాతిక కిలోమీటర్ల చిల్లర దూరంలో కలనిష్ అనే చోట అయిదువేల ఏళ్ళ నాటి నిలువురాళ్ళున్నాయి. ఆయన పిల్లవాడిగా ఉన్నరోజుల్లో అవి కుళ్ళిన నాచుమట్టిలో సగానికి కూరుకుపోయి ఉన్నాయి. ఆ మట్టి తీయించింది 1857లో. అంటే పాతరాళ్ళు భూమిలో దాక్కునే దేశం నుంచే వచ్చాడన్నమాట.

ఆయన ఇటు రావడానికి కారణం ఇంకా తమాషాగా ఉంటుంది. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయాలని ఆ వంశంలోని ఒక ప్రభువు తలపెట్టాడు. హిందువుల గణితంలో లాగరిథమ్స్ లాంటివి ఉన్నాయేమో వెతకాల్సి వచ్చింది. ఆ వెతుకులాటలో సాయపడిన కుర్రాడు మెకంజీ. 1783లో కంపెనీ కొలువులో చేరి మద్రాసులో దిగాడు. మళ్ళీ స్వదేశం మొహం చూడలేదు. మైసూరు కొలిచాడు, నిజాం సీమ కొలిచాడు, జావా యుద్ధానికెళ్ళి అక్కడా కొలిచాడు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర పోయాడు.

దొర ఒక్కడే చేశాడనుకోకండి. ఏలూరు నుంచి కావలి సోదరులు ఆయన దగ్గర చేరారు. వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. బొర్రయ్య బహుభాషావేత్త. పండితుల్ని మాటల్లో పెట్టి తాళపత్రాలు బయటికి తీయించడంలో దిట్ట. 1803లో ముప్పై ఏళ్ళైనా నిండకుండానే పోయాడు. తర్వాత లక్ష్మయ్య ఆ పని భుజానికెత్తుకున్నాడు. ఊరూరా కరణాల దగ్గర కూర్చుని, కవిలెలు విప్పించి, ‘మీ ఊరు ఎప్పుడు కట్టారు, గుడి ఎవరు వేయించారు, మాన్యాలు ఎవరికిచ్చారు’ అని అడిగి రాయించుకొచ్చిన కాగితాలే ఇవాళ మనం కైఫియత్తులు అంటున్నవి. పల్నాడులో ఎన్నో ఊళ్ళ చరిత్రకి అవే ఆధారం. 1816లో థామస్ హికీ వేసిన మెకంజీ తైలవర్ణ చిత్రమొకటుంది. ఎర్రకోటు తొడుక్కుని దొర మధ్యలో నించున్నాడు, చుట్టూ ముగ్గురు మనవాళ్ళు. ఒకాయన చేతిలో తాటాకులు, ఒకాయన చేతిలో దుర్భిణి. దొర గొప్ప కోసం వేయించిన బొమ్మలో కూడా మనవాళ్ళని పక్కకి నెట్టలేదు చూశారా, ఆ ఒక్క సంగతికి నాకాయన మీద ఇష్టం.

మొదటిసారి దీపాలదిన్నె చూసినప్పుడు ఇది బౌద్ధులదని మెకంజీకి తట్టలేదు. జైనులదేమో అనుకున్నాడు. పేరు తెలియకపోయినా కొలవడానికేం అడ్డు? చూసింది చూసినట్టు రాసుకున్నాడు. 1816లో, ఈసారి సర్వేయర్ జనరల్‌గా, చిత్రకారుల్నీ కొలతగాళ్ళనీ వెంటేసుకుని తిరిగొచ్చాడు. ఈ ఇరవై ఏళ్ళలో దిన్నె రూపం మారిపోయింది. జమీందారు నడిమధ్యలో చెరువు తవ్వించేశాడు. ఎడాపెడా రాళ్ళు లేచిపోయాయి. ఇంకోడైతే నెత్తీనోరూ కొట్టుకుని వెళ్ళిపోయేవాడు. మెకంజీ గొలుసు పరిపించాడు.

పొలం సర్వే చూసినవాళ్ళకి ఈ పని తెలిసిందే. ముందు స్థిరమైన బిందువు పట్టుకోవాలి. అక్కణ్నించి నలుదిక్కులా గొలుసు లాగి, ఏ రాయి ఎన్ని అడుగుల దూరంలో, ఏ దిక్కున, ఏ వరసలో నిలబడి ఉందో పటంలో గుర్తు వెయ్యాలి. లేచిపోయిన రాయి దగ్గర ఖాళీ చూపించాలి. తర్వాత ఒక్కో రాయి ముందూ చిత్రకారుణ్ణి కూర్చోబెట్టాలి. హెన్రీ హామిల్టన్, థామస్ ఆండర్సన్, జాన్ న్యూమన్ లాంటివాళ్ళు కృష్ణ ఒడ్డు ఎండలో కూర్చుని, స్కేలు ప్రకారం ఒక్కో పలకనీ కాగితం మీదికి దించారు. 1817 దాకా సాగిన ఆ పనిలో 80కి పైగా బొమ్మలు తయారయ్యాయి. బొమ్మ మీద రాయి కొలత, ఎక్కడ దొరికింది, గీసింది ఎవరు, ఏ తేదీన. విరిగిన రాయిని విరిగినట్టే వేశారు. ముక్కు ఊడిన బొమ్మకి ముక్కు అతికించలేదు. ఆ ఆల్బం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఉన్న రాళ్ళు కొన్ని ఇవాళ ఏ మ్యూజియంలోనూ లేవు. బట్టీలోకి పోయాయో, పునాదిలోకి పోయాయో, కాగితం మీద మటుకు బతికున్నాయి.

ఇక్కడ నేను చెప్పదలుచుకున్న మాట ఒకటే. అమరావతిని తవ్వినవాళ్ళు చాలామంది, తీసుకెళ్ళినవాళ్ళు చాలామంది. కాపాడింది కొలిచినవాళ్ళే.

తవ్వినవాళ్ళ సంగతీ వినండి. మెకంజీ తర్వాత కొన్ని రాళ్ళు మచిలీపట్నం చేరాయి. అక్కడి అధికారి రాబర్ట్‌సన్ దొర కొత్తగా కట్టించిన బజారుకి అందంగా ఉంటాయని వాటిని నిలబెట్టాడు. బందరులో రాబర్ట్‌సన్‌పేట ఇప్పటికీ ఉంది. జాతక కథల ముందు కూరగాయల బేరాలు జరిగాయన్నమాట! 1845లో గుంటూరు కమిషనర్‌గా వచ్చిన వాల్టర్ ఎలియట్ మళ్ళీ తవ్వించి, దొరికినవాటిని మద్రాసు పంపాడు. అక్కడ ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకి ఎండి, వానకి తడిశాయి. 1859లో 120కి పైగా రాళ్ళని ఓడెక్కించి లండన్ పంపారు. అక్కడైనా పీట వేశారా? రేవులో కొన్నాళ్ళు, ఒక పాతభవనంలో కొన్నాళ్ళు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ పారిస్ ప్రదర్శనకి ఫోటోలు సిద్ధం చేసే పనిలో ఉండి, ఫైఫ్ హౌస్ అనే భవనం గుర్రబ్బండ్ల కొట్టంలో చెత్త కింద వీటిని కనిపెట్టాడు. ధాన్యకటకం నుంచి బయల్దేరిన బుద్ధుడికి చివరికి గుర్రాల కొట్టంలో మకాం. కృష్ణుడైనా దొడ్లోనే పెరిగాడు కదా అని సరిపెట్టుకోవాలంతే.

ఫెర్గూసన్ వాటికి ఫోటోలు తీయించి, మెకంజీ బొమ్మలూ ఎలియట్ రాళ్ళూ పక్కపక్కన పెట్టి, ఏ ముక్క ఎక్కడిదో బేరీజు వేసి, 1868లో పెద్ద పుస్తకమే అచ్చేశాడు. అలా బేరీజు వెయ్యగలిగింది మెకంజీ పటం ఉండబట్టే. ఎలియట్ తవ్వకానికి అంత వివరమైన పటం లేకపోబట్టి ఆయన రాళ్ళలో చాలావాటి చిరునామా ఇప్పటికీ ఊహే.

1877లో రాబర్ట్ సెవెల్ కొంతభాగం జాగ్రత్తగా తవ్వి, ఏ రాయి ఎక్కడుందో రాసిపెట్టాడు. అది చూసి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్‌గారికి ఉత్సాహం వచ్చింది. 1880లో దిన్నె మొత్తం ఖాళీ చేయించమని హుకుం జారీ చేశాడు. కూలీలు దిగారు, మట్టి లేచింది, రాళ్ళు లేచాయి. పటం మటుకు లెయ్యలేదు. 1881 చివర్లో పురావస్తు సర్వే తరఫున జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం స్థానంలో పెద్ద గొయ్యి ఉంది. రెండువేల ఏళ్ళు ఎవరెవరో చేసిన కట్టడం ఒక్క ఉత్తర్వుతో గొయ్యి అయిపోయింది. వేంకటాద్రి నాయుడిది అవసరం. డ్యూక్‌ది శ్రద్ధే, కాకపోతే కొలత లేని శ్రద్ధ. రెంటిలో ఏది ఎక్కువ చెరుపు చేసిందంటే నేను రెండోదే అంటాను.

ఇంకో తమాషా గమనించారా? మెకంజీ, ఎలియట్, ఫెర్గూసన్, బర్జెస్ నలుగురూ స్కాట్లాండు వాళ్ళే. మన దిన్నెకీ వాళ్ళ దేశానికీ ఏ జన్మ రుణమో.

రాళ్ళ సంగతి ఇంత చెప్పి రాయిని చూపించకపోతే బాగోదు. మూడు చూపిస్తాను.

ఒకటి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. గుండ్రటి ఫలకం. నాలాగిరి అనే మదపుటేనుగుని బుద్ధుడి మీదికి వదిలిన కథ. ఎడమపక్క చూడండి, ఏనుగు వీధిలో పడి ఒకణ్ణి తొండంతో పట్టుకుంది, జనం కకావికలు. ఒకామె భయంతో పక్కవాణ్ణి పట్టుకుంది. పైన మేడ కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కుడిపక్కకి రండి, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే ఫలకంలో ఒకే ఏనుగు రెండుసార్లు, మధ్యలో గీత లేదు. కాలం వీధి వెంట ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. సినిమాకి ఎన్నో వందల ఏళ్ళ ముందు మన పల్నాటి రాతి మీద ఇంత స్క్రీన్‌ప్లే!

రెండోది బ్రిటిష్ మ్యూజియంలో. పలకకి రెండువైపులా చెక్కడం. పాతవైపు బోధివృక్షం, కింద ఖాళీ సింహాసనం, పాదముద్రలు. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కే అలవాటు లేదు. మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత అదే పలకని వెనక్కి తిప్పి, అలంకరించిన స్తూపాన్ని చెక్కారు. మహాచైత్యం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకి తెలిసేది ఇలాంటి పలకల వల్లే. రాయిని మళ్ళీ వాడుకోవడం నాయుడుగారితో మొదలవలేదని కూడా ఆ పలకే చెప్తుంది. కాకపోతే ఆ శిల్పి పాతబొమ్మని చెరపలేదు, గోడవైపు తిప్పి ఉంచాడు.

మూడోది నాకు మిగతా రెండింటి కన్నా దగ్గరిది. పూర్ణఘటం, అంటే పూలు పొంగిపొర్లే కుండ చెక్కిన పలక. ఇచ్చిందెవరు? రాజు కాదు, సేనాపతి కాదు. విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి ఇచ్చానని రాతిమీద చెప్పుకున్నాడు. ఇలాంటి పేర్లు అమరావతి రాళ్ళ నిండా ఉన్నాయి. భిక్షుణులు, గృహిణులు, సుగంధద్రవ్యాలమ్మే వర్తకులు. మహాచైత్యం చందాలతో లేచిన కట్టడమండీ. ఇంతమంది ఊరివాళ్ళ పేర్లు ఒక్కచోట చెప్పే రాళ్ళు దేశంలో తక్కువ.

‘మన రాళ్ళు మనకి తిరిగి రావాలి’ అని మీరు అనబోతున్నారని తెలుసు. ఆ మాటకి స్కాట్లాండులోనే ఒక కథ ఉంది. ఉత్తరాన సముద్రపొడ్డున హిల్టన్ ఆఫ్ కాడ్‌బోల్ అనే చోట పిక్ట్ జాతివాళ్ళు క్రీ.శ. 800 ప్రాంతంలో చెక్కిన పెద్దరాయి. ఒకవైపు వేట దృశ్యం. జింక వెనక కుక్కలు, గుర్రం మీద రాణిలా కూర్చున్న స్త్రీ. రెండోవైపు శిలువ. 1676లో ఎవరో పెద్దమనిషికి సమాధిరాయి కావలసి వచ్చి, శిలువని చెక్కేసి, తన పేరూ తన ముగ్గురు భార్యల పేర్లూ రాయించుకున్నాడు. 1921లో ఆ రాయిని బ్రిటిష్ మ్యూజియానికి దానం చేస్తే స్కాట్లాండులో జనం గోల గోల చేశారు. అదే ఏడాది తిరిగొచ్చింది, ఎడింబరో మ్యూజియంలో ఉంది. 2001లో అసలు చోట తవ్వితే రాయి అడుగుభాగం, చెక్కేసిన శిలువ తాలూకు వేలకొద్దీ పెచ్చులు దొరికాయి. పెచ్చు పెచ్చుకీ లెక్క రాసి, పోయిన శిలువని ఊహించి, ఊళ్ళో నిలబెట్టిన కొత్తరాయి మీద చెక్కించారు.

లండన్‌కి దగ్గర కాబట్టి వాళ్ళ రాయి అదే ఏడాది తిరిగొచ్చింది. మన రాళ్ళు చాలాకాలం అక్కడి నేలమాళిగలో ఉండి, 1992లో అద్దాల గదికెక్కాయి. తిరిగిరావాలని అడగాల్సిందే, అడుగుదాం. ఈలోగా మన చేతిలో ఉన్నవాటిని ఎలా చూసుకుంటున్నామో కూడా మాట్లాడుకోవాలి. మద్రాసులో మిగిలిన పలకల్ని ఒకప్పుడు గోడల్లో సిమెంటుతో బిగించేస్తే, ఉప్పు పేరుకుని రాయి పెచ్చులూడింది. దూరదేశం వాళ్ళది ఒకరకం నిర్లక్ష్యం, మనది ఇంకోరకం.

మనకీ చేతనవుతుందనడానికి రుజువు మన జిల్లాలోనే ఉంది. మాచర్ల అవతల నాగార్జునకొండ లోయని 1926లో రంగస్వామి సరస్వతి గుర్తించాడు. లాంగ్‌హర్స్ట్, రామచంద్రన్ తవ్వారు. 1955 డిసెంబరులో నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకి శంకుస్థాపన చేసేనాటికి లోయ మునిగిపోతుందని తేలిపోయింది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా లోయ అంతా గాలించారు. విహారాలు, చైత్యాలు, స్నానఘట్టాలు, మెట్ల రంగస్థలం కొలిచి, పటాలు వేసి, ముఖ్యమైనవాటిని కొండమీదికీ అనుపుకీ తరలించి కట్టారు. ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని నీళ్ళ కింద ఉంది. దాని పటం మటుకు ఆరిన నేల మీద ఉంది. డ్యూక్‌గారి గొయ్యినీ సాగర్ నీళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడండి. పోవడం రెండుచోట్లా తప్పలేదు, ఒకచోట లెక్క మిగిలింది.

ఇప్పుడు మీ ఊరికొద్దాం. పల్నాడులో రాయి లేని ఊరు లేదు. కారెంపూడిలో వీరుల గుడి, ఊరి చివర చింతచెట్టు కింద కత్తీ డాలూ పట్టుకున్న వీరగల్లు, రచ్చబండ పక్కన అక్షరాలున్న పలక, రేవులో బట్టలుతికే బండ. బండ తిరగేస్తే శాసనం ఉండొచ్చు. మాచర్ల దగ్గర దుర్గిలో ఇప్పటికీ ఉలి చప్పుడు ఆగలేదు, దుర్గి శిల్పాలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చెక్కేవాళ్ళున్నారు, చెక్కిన రాళ్ళున్నాయి. కొలిచేవాళ్ళే తక్కువయ్యారు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారనో, గుడి కొత్తగా కడుతున్నారనో పాతరాయిని పొక్లెయినుతో లేపేముందు ఒక్క అరగంట ఆపించండి. పక్కన స్కేలో, పాత టేపో పెట్టి ఫోటో తీయండి. పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే మధ్యాహ్నం కనపడని అక్షరాలు కనపడతాయి. ఎత్తు, వెడల్పు, మందం రాసుకోండి. ఏ సర్వే నంబరులో, ఏ ఇంటికి ఎన్ని అడుగుల దూరంలో, ఏ దిక్కుకి మొహం పెట్టి ఉందో రాయండి. భక్తి కొద్దీ ఎనామిల్ రంగు పూయకండి, అక్షరాల్లో సుద్ద నింపకండి, ఇనపబ్రష్షుతో రుద్దకండి, యాసిడ్ పొయ్యకండి. తవ్వకాల్లో విలువైనదేదైనా దొరికితే కలెక్టరుకి తెలపాలని 1878 నుంచీ చట్టముంది. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధమని కూడా ఉంది. చట్టం సంగతి అధికారులు చూసుకుంటారు, టేపు పని మనది.

మెకంజీకి ఆ రాళ్ళ మతం తెలియదు, లిపి తెలియదు, కాలం తెలియదు. కొలవడం తెలుసు, అదే చాలింది. మీకు లిపి రాకపోతేనేం? ఈ ఆదివారం ఇంట్లో టేపు, ఒక నోటుబుక్కు తీసుకుని, బళ్ళో చదివే పిల్లల్ని ఇద్దర్ని వెంటబెట్టుకుని మీ ఊరి రాయి దగ్గరికి వెళ్ళండి. కొలత రాయండి, తేదీ వెయ్యండి, రాసినవాళ్ళ పేర్లు పెట్టండి. ఒక ప్రతి మీ ఊరి బళ్ళో ఉంచి, ఒకటి పురావస్తు శాఖకి పంపండి.